కారం, క్షారం, చవుడు: కోవూరు సీమ వ్యవహారంలో ఒక రుచి చరిత్ర

ఉగాది పచ్చడి ప్రస్తావనలో తెలుగువారు లెక్కపెట్టే ఆరు రుచులు తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఆయుర్వేద గ్రంథాలు చెప్పే షడ్రసాలు మధురం, ఆమ్లం, లవణం, కటువు, తిక్తం, కషాయం. ఈ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. ఐదు చోట్ల సంస్కృత పదానికి ఎదురుగా దేశ్యపదం నిలిచింది. కటురసానికి ఎదురుగా మాత్రం ‘కారం’ ఉంది. సంప్రదాయ వ్యాకరణ దృష్టిలో ఇది ‘క్షారము’ అనే మాటకు వికృతి. క్షారమంటే బూడిద నుంచో చవుడు నుంచో తీసిన, చర్మాన్ని కొరికే ద్రవ్యం; నేటి రసాయనశాస్త్ర పుస్తకాల్లో ఆమ్లానికి ఎదురు నిలిచే పదార్థం. మిరపకాయ రుచికి చాకలి చవుడుకు చెందవలసిన పేరు ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం నిఘంటువుల్లో కొంత, వైద్యగ్రంథాల్లో కొంత, పెన్నానది ఉత్తరపు గట్టున ఉన్న కోవూరు వంటి సీమల నిత్యవ్యవహారంలో కొంత దొరుకుతుంది.

కోవూరును ఎన్నుకోవడానికి కారణముంది. నెల్లూరుకు ఎదురుగా, నదికి ఆవలి గట్టున ఉన్న ఈ ప్రాంతంలో వరిమాగాణి, సముద్రతీరం, చవిటిపర్రలు, చేనేత, ఉప్పుమడులు, ఇటీవలి రొయ్యల చెరువులు కొద్ది క్రోసుల దూరంలోనే కలిసి ఉన్నాయి. తమిళదేశం దగ్గర. తిక్కన వంశీకుల ఊరుగా చెప్పుకొనే పాటూరు ఈ మండలంలోనిదే. అది నేతకు పేరుపొందిన ఊరు కూడా. పులుపుకు, చవుడుకు, సున్నానికి సంబంధించిన మాటలు పుస్తకభాషలో ఎలా ఉన్నా, పనిలో ఎలా నిలిచాయో చూడడానికి ఇంతకన్నా అనువైన చోటు అరుదు.

చరకుడు కాదన్న రుచి

చరకసంహిత సూత్రస్థానంలోని 26వ అధ్యాయం ఒక చర్చాసభతో మొదలవుతుంది. రసాలు ఎన్ని అన్నది అక్కడి ప్రశ్న. ఒకటేనని ఒకరు, రెండని మరొకరు, అసంఖ్యాకాలని ఇంకొకరు వాదిస్తారు. విదేహరాజైన నిమి ఏడు అంటాడు: ప్రసిద్ధమైన ఆరింటికి అతడు చేర్చిన ఏడోది క్షారం. బడిశుడు అవ్యక్తరసాన్ని కూడా కలిపి ఎనిమిది అంటాడు. అందరి మాటలూ విన్న ఆత్రేయ పునర్వసువు ఆరే అని తేలుస్తాడు. క్షారాన్ని తోసిపుచ్చడానికి అతడు చెప్పిన కారణాలు శ్రద్ధగా చూడదగినవి. క్షరింపజేసేది కాబట్టి దానికి క్షారమని పేరు. అది రసం కాదు, ద్రవ్యం. అనేక రసాలున్న పదార్థాల నుంచి పుట్టింది. నాలుకకే కాక ఇతరేంద్రియాలకు కూడా తెలుస్తుంది. మనుషులు ప్రక్రియ చేత తయారుచేసింది. అందులో కటు, లవణ రసాలు ఎక్కువగా ఉంటాయని కూడా అతడే అంటాడు.

ఈ చివరి మాటే ‘కారం’ చరిత్రకు తాళపుచెవి. క్షారాన్ని నాలుక మీద పెడితే రెండు అనుభవాలు కలుగుతాయి. ఒకటి ఉప్పదనం, రెండోది మంట. ఒకే మాట దేశభాషల్లోకి దిగినప్పుడు ఈ రెండు అనుభవాలనూ భాషలు పంచుకున్నాయి. హిందీలో ‘ఖారా’ అంటే ఉప్పన; ఖారా నీళ్లు అంటే తాగడానికి పనికిరాని ఉప్పునీళ్లు. తెలుగులో కారం, కన్నడంలో ఖార, తమిళంలో కారం మంటను ఉంచుకున్నాయి. ఉత్తరం ఉప్పును తీసుకుంది, దక్షిణం మంటను తీసుకుంది. ఆత్రేయుని వాక్యంలోని రెండు రసాలూ రెండు దిక్కులకు చెరొకటిగా చేరినట్టయింది. చరకుడు షడ్రసాల్లో చోటివ్వని క్షారానికి తెలుగు నాలుక ఆరింటిలోనే చోటిచ్చింది. అదీ కటురసం పీట మీదనే.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని దాటవేయడం న్యాయం కాదు. తమిళంలో ‘కార్’ అనే క్రియ ఉంది. ఘాటుగా ఉండు, మిక్కిలి ఉప్పగా ఉండు అని దాని అర్థాలు. ‘కార్ప్పు’ అనే నామం ఆ ధాతువు నుంచే వచ్చింది. కనుక కారం తద్భవం కాదని, దేశ్యమేనని వాదించవచ్చు. అయితే ఆ ద్రావిడ ధాతువులోనూ ఉప్పు, ఘాటు అనే రెండర్థాలు కలిసే ఉన్నాయి. సంస్కృతం నుంచి దిగిన ప్రవాహం, దేశ్యప్రవాహం ఒకే చోట కలిశాయనడమే యుక్తం. పుట్టుక ఏదైనా, చవుడునూ మిరియాన్నీ ఒకే మాటతో పట్టుకున్న అనుభవం మాత్రం ఒక్కటే.

మిరపకాయ 16వ శతాబ్దం నుంచి పోర్చుగీసుల ద్వారా ఈ తీరాలకు వచ్చిన పంట. అంతకుముందు ఘాటుకు మిరియమే ఆధారం. కొత్త కాయకు పేరు కూడా మిరియం నుంచే వచ్చింది. ఎర్రకాయ వంటింటిని ఆక్రమించిన తరువాత కారం రుచిపేరుగానే కాక వస్తువుపేరుగా కూడా మారింది. ‘కూరలో కారం వేశావా’ అన్నప్పుడు కారమంటే మిరపపొడి. ఆ మాటలో చవుడు జ్ఞాపకం మిగల్లేదు. సమాసాల్లో మాత్రం మిగిలింది. ‘వెలిగారం’ అటువంటిది. వెలి అంటే తెలుపు. వెలి, కారము కలిసినప్పుడు కకారం గకారమైంది. తెల్లని కారం అని అర్థం. తమిళంలో దీనికే ‘వెంకారం’ అని పేరు. వెలిగారానికీ మిరపకాయకూ ఏ సంబంధమూ లేదు. అది కంసాలి లోహాన్ని అతికేటప్పుడు వాడే లవణం, నీటిలో కలిపితే స్పష్టంగా క్షారగుణం చూపుతుంది. ‘సబ్బుకారం’ కూడా ఇంతే. తుపాకిమందులో వేసే ‘సురేకారం’ ఈ కోవలోనిదే అయినా దానికి క్షారగుణం లేదు, అది తటస్థ లవణం. కాబట్టి పాతకాలపు కారం నేటి రసాయనశాస్త్రపు క్షారంతో అచ్చుగుద్దినట్టు సరిపోదు. నేల మీద పొంగి తేలేవి, బూడిదలో మిగిలేవి, నీటిలో కరిగించి కాచి తీసేవి అన్నీ కారాలే. పేరు గుణాన్ని బట్టి కాక, తీసే పద్ధతిని బట్టి వచ్చిందని దీనివల్ల తెలుస్తుంది. మనుషులు ప్రక్రియ చేత తయారుచేసింది క్షారమన్న ఆత్రేయుని మాటా ఇదే.

తమిళులు ఆధునిక రసాయనశాస్త్రం రాసుకున్నప్పుడు ‘కారం’ అన్న మాటనే ఉంచుకున్నారు. వారి పాఠ్యపుస్తకాల్లో అమిలం, కారం అని ఉంటుంది. వారి వంటింట్లోనూ కారమే. అప్పడాల పిండిలో కలిపే ద్రవ్యాన్ని అప్పళక్కారం అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాలు సంస్కృతరూపాన్ని తిరిగి తెచ్చుకొని ‘క్షారం’ అన్నాయి. దీనివల్ల ప్రయోగశాల, వంటిల్లు రెండు గదులయ్యాయి. ఇది లాభమా నష్టమా అన్నది తేలికగా తేల్చలేము. శాస్త్రానికి సందిగ్ధత లేని మాట కావాలి. మిరపపొడి అని కూడా అర్థమిచ్చే మాటతో పాఠం చెప్పడం కష్టమే. కాని కారం, క్షారం ఒక్కటేనన్న సంగతి తెలియని విద్యార్థికి ‘వెలిగారం’ అన్న మాట మూసిన పెట్టెగానే ఉండిపోతుంది.

చవుడు

‘చవుడు’, ‘చౌడు’ అన్నవి ఒకే మాటకు రెండు రూపాలు. చవిటినేల, చవిటిమన్ను, చవిటిపర్ర ఇందులోంచి వచ్చినవే. తమిళంలో ‘చవటు’, కన్నడంలో ‘చౌళు’ దీని జ్ఞాతులు. ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట కాదు. దక్షిణదేశపు నేలను చూసి పుట్టిన మాట.

రైతులు చవుడును రెండుగా విడదీస్తారు: పాలచౌడు, కారుచౌడు. ఎండ కాసినప్పుడు నేల మీద తెల్లగా ఉప్పు పేరితే అది పాలచౌడు. నీరు నిలిచి ఇంకక, ఆరిన తరువాత రాయిలా బిగిసి, పైపొర నల్లబడితే అది కారుచౌడు. ఇక్కడి ‘కారు’ను కారంతో ముడిపెట్టాలన్న ఆకర్షణ సహజమే. కాని కారుమబ్బులో, కారుచీకటిలో ఉన్న నలుపే ఇక్కడ పొసగుతుంది. కారణం నేలలోనే ఉంది. సోడియం కార్బొనేటు ఎక్కువైనప్పుడు నేల క్షారగుణం పెరిగి, మట్టిలోని సేంద్రియ పదార్థం కరిగి, తేమతోపాటు పైకి వచ్చి నల్లని పొరగా ఆరుతుంది. 19వ శతాబ్దపు చివరి దశకాల్లో కాలిఫోర్నియా నేలలను పరిశీలించిన హిల్గార్డ్ అనే శాస్త్రవేత్త వాటిని తెల్ల క్షారం, నల్ల క్షారం అని రెండుగా వర్గీకరించాడు. పాలచౌడు, కారుచౌడు అన్న పేర్లలో ఉన్న విభజన కచ్చితంగా అదే. నేటి వ్యవసాయశాస్త్రం పీహెచ్ విలువ 8.5 దాటిన, సోడియం పాలు ఎక్కువైన నేలను కారుచౌడు అంటుంది. పాలచౌడులో పీహెచ్ అంతకన్నా తక్కువగానే ఉన్నా కరిగే లవణాలు మెండు.

ఈ విభజన పేర్లకే పరిమితం కాదు. పాలచౌడును మంచినీరు పెట్టి కడిగి, మురుగును బయటికి పంపితే నేల బాగుపడుతుంది. కారుచౌడును అలా కడిగితే మరింత చెడుతుంది; దానికి జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం మట్టిరేణువులను అంటిపెట్టుకున్న సోడియాన్ని తప్పిస్తుంది. ఆ తరువాతనే నీరు పని చేస్తుంది. జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట ఎరువులు కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలు కూడా తోడ్పడతాయి. 19వ శతాబ్దం రెండో సగంలో నెల్లూరు వద్ద, సంగం వద్ద పెన్నకు ఆనకట్టలు కట్టడంతో డెల్టా విస్తరించింది. కనిగిరి జలాశయం కింద కోవూరు వైపు మాగాణి పెరిగింది. కాలువనీరు వచ్చిన చోటల్లా మురుగు సమస్య కూడా వస్తుంది. మురుగు పారని పల్లపు భూముల్లో, సముద్రం వైపు ఉన్న కాలువ చివరి భూముల్లో ఏ చౌడు ఏదో తెలియడం పంటకూ అప్పుకూ మధ్య ఉన్న తేడా. అధికారిక కరపత్రాల్లో ‘లవణ భూములు’, ‘క్షార భూములు’ అని అచ్చయినప్పుడు రైతుకు వాటిని పాలచౌడు, కారుచౌడు అని మళ్లీ చెప్పవలసి రావడం ఈ భాషాచరిత్రలోని చిన్న వ్యంగ్యం. వ్యవసాయ విశ్వవిద్యాలయ సాహిత్యం పాత పేర్లను కూడా వాడుతూ రావడం మెచ్చదగినది.

రైతుకు శత్రువైన ఆ చవుడే చాకలికి పనిముట్టు. చవిటిమన్నును నీళ్లలో కలిపి, బట్టలను అందులో ముంచి, ఉబ్బ మీద పెట్టి ఆవిరి పట్టించడం సబ్బుకు ముందరి పద్ధతి. చవుడులోని సోడా బట్టకంటిన జిడ్డుతో కలిసి అక్కడికక్కడే సబ్బవుతుంది. నూనెకూ క్షారానికీ పుట్టిన సంతానం సబ్బు అనుకుంటే, చాకలి దాన్ని బట్టలోనే పుట్టించేవాడు. అయితే అదే ఇంట్లో తలంటుకు చవుడు వాడరు. కుంకుడుకాయో సీకాయో వాడతారు. ఈ రెండింటి రసం కొద్దిగా ఆమ్లగుణం కలది. తలకూ చర్మానికీ సహజంగా ఉండేది కూడా స్వల్ప ఆమ్లగుణమే. బట్టకు క్షారం, ఒంటికి ఆమ్లం అన్న ఈ విభాగాన్ని ఎవరూ సూత్రంగా రాయలేదు. రేవుకూ పెరటికీ మధ్య అది తనంతట తానే పాటింపబడింది.

బట్ట ఈ తీరానికి ఒట్టి గృహావసరం కాదు. నెల్లూరు తీరంలో దుగరాజపట్నం వద్ద 1626లో ఆంగ్లేయులు వర్తకస్థానం పెట్టుకున్నారు. వారు దానిని ఆర్మగాన్ అన్నారు. మద్రాసు ఇంకా పుట్టని కాలమది. వారు కోరి వచ్చింది కోరమాండల్ బట్టల కోసం. బట్ట నేసినంత మాత్రాన ఎగుమతికి పనికిరాదు. గంజి, జిడ్డు పోగొట్టి తెల్లబరచాలి, అద్దకం పట్టేలా చేయాలి. నీలిమందు నీటిలో కరగదు. దానిని కరిగించడానికి దక్షిణదేశపు అద్దకంవారు తగిరిసగింజల కషాయాన్ని, సున్నాన్ని, చవుడును కలిపి పులియబెట్టిన తొట్టి వాడేవారు. పులియడం వల్ల నీలి రంగు మారి కరుగుతుంది, క్షారం దానిని కరిగిన స్థితిలో నిలుపుతుంది; బట్టను పైకి తీసి గాలి తగలనిస్తే మళ్లీ నీలమవుతుంది. మద్రాసు రాజధానిలో నీలి పంటకు కడపతోపాటు నెల్లూరు కూడా పేరుపొందిన జిల్లా. బట్టల వ్యాపారచరిత్ర రాసినవారు నేతగాణ్ణి, వర్తకుణ్ణి, దుబాషీని తలచినంతగా చవుడు తవ్వి తెచ్చినవారిని తలచలేదు. వర్తకుల లెక్కల్లో చవుడు ధరలేని మట్టి కావడమే అందుకు కారణమై ఉంటుంది.

ధర లేని మట్టి మీద కూడా ప్రభుత్వం కన్ను పడింది. కంపెనీ 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు గుత్తాధికారం చేపట్టింది. 1889 ఉప్పు చట్టంతో నిఘా మరింత బిగిసింది. మట్టిని కడిగి ఉప్పు తీసే ఉప్పరుల కులవృత్తి దీనితో నేరమైంది. ఉప్పు సత్యాగ్రహం గురించి రాసేటప్పుడు 1921లో గాంధీజీ ప్రారంభించిన పల్లెపాడు పినాకినీ ఆశ్రమం తప్పక ప్రస్తావనకు వస్తుంది. అది కోవూరుకు దూరమేమీ కాదు. మట్టి ఉప్పు కథ మాత్రం సముద్రపుటుప్పు కథ వెనుక మరుగున పడింది.

పులుసు

క్షారపు మాట సంస్కృతంతో ముడిపడి ఉన్నా, ఆమ్లపు మాటల్లో తెలుగు స్వతంత్రంగా నడిచింది. పులి అన్న ధాతువు నుంచి పులుపు, పులుసు, పుల్లన, పులియు అన్నవి వచ్చాయి. ఇందులో ఒక సూక్ష్మముంది. పులుపు రుచిపేరు, పులియడం ఒక మార్పుపేరు. ఆమ్లం అన్న మాటలో ఈ మార్పు లేదు. పిండి పులిసింది, మజ్జిగ పులిసింది, కలి పులిసింది అన్నప్పుడు కాలం గడిచి పదార్థం ఆమ్లంగా మారిందన్న జ్ఞానం క్రియలోనే ఉంది. ‘ఆమ్యుకరించింది’ అని ఎవరూ అనరు. కడుపులో వచ్చే బాధకు ‘పులితేపులు’ అన్న పేరు కూడా ఇక్కడిదే. వైద్యగ్రంథాల అమ్లపిత్తం, నేటి ఎసిడిటీ దాని పక్కన పరాయి మాటల్లాగే వినిపిస్తాయి.

నెల్లూరు చేపల పులుసుకు ఉన్న ప్రసిద్ధి వేరే చెప్పనక్కరలేదు. చింతపండు పులుసులో మామిడికాయ ముక్కలు వేసి మట్టిదాకలో కాచి, మరునాటికి ఉంచి తినడం అక్కడి పద్ధతి. చేప నీచువాసనకు కారణమైన ట్రైమిథైల్ ఎమీన్ క్షారగుణం కల పదార్థం, తేలికగా ఆవిరవుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దానితో కలిసి ఆవిరి కాని లవణంగా మారుస్తుంది. ముక్కుకు అందేది తగ్గుతుంది. చేపను కడిగేటప్పుడు పులిసిన మజ్జిగో చింతపండో రాయడంలోని తత్త్వం కూడా ఇదే. పులుసును మట్టిపాత్రలో కాయడంలో, కళాయి లేని ఇత్తడిలో పులుపు వండకూడదన్న పట్టుదలలో ఆమ్లం లోహాన్ని తింటుందన్న ఎరుక ఉంది. ఇత్తడిలో ఉంచిన పులుసు ‘చిలుమెక్కుతుంది’ అంటారు. కడుపులోకి పోతే అది విషమే.

చింతపండుకు ఈ జిల్లా చరిత్రలో మరొక పాత్ర కూడా ఉంది. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధి మనుషుల్లో వ్యాపించి ఉందని తొలిసారి శాస్త్రీయంగా వెల్లడైనది నెల్లూరు జిల్లా నుంచే. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు 1937లో దీనిని ప్రకటించారు. వ్యాధి ఉన్నది కోవూరు వంటి డెల్టా భాగంలో కాదు, అప్పటి జిల్లాలోని మెట్టప్రాంతంలో; అందులో చాలా భాగం 1970లో ఒంగోలు జిల్లాగా వేరుపడి తరువాత ప్రకాశం అయింది. అక్కడి లోతు బావుల నీటిలో సోడియం బైకార్బొనేటు ఎక్కువ, కాల్షియం తక్కువ. క్షారగుణం కల అటువంటి నీరు రాళ్లలోని ఫ్లోరైడును సులువుగా కరిగించుకుంటుంది. పళ్లు గారకట్టి, వెన్ను వంగి, కీళ్లు బిగిసిన మనుషులు ఆ నీటి చరిత్రను శరీరాలపై మోశారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించిన ఒక చిన్న అధ్యయనంలో, చింతపండు తిన్న బాలుర మూత్రం ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయినట్టు కనుగొన్నారు. పులుసు తాగితే ఫ్లోరోసిస్ నయమవుతుందని దీనర్థం కాదు. వ్యాధికి మందు మంచినీరే. చౌడునీళ్ల సీమలో పులుపు మీద అంత మక్కువ ఎందుకన్న ప్రశ్నకు మాత్రం ఈ ఫలితం ఒక కొత్త ముఖాన్ని ఇస్తుంది.

సున్నం, పసుపు

సముద్రతీరపు సున్నం రాతిసున్నం కాదు, గుల్లసున్నం. పులికాట్ సరస్సు అడుగున పేరుకున్న గుల్లలు సున్నపుబట్టీలకు చాలాకాలం ఆధారం. కాల్చిన గుల్లను నీట విరిస్తే వచ్చే సున్నం తాంబూలానికి, గోడకు, చెరువుకు పనికివచ్చింది. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుంది. ఈ మంట మిరపకాయ మంట వంటిదేనని నాలుక చెబుతుంది. మిరపకాయలోని ఘాటుపదార్థం ఆమ్లమూ కాదు, పేరు ‘కారం’ అయినా క్షారమూ కాదు. అయితే నోటిలో మంటను గుర్తించే ఒక గ్రాహకం వేడికి, మిరపఘాటుకు, ఆమ్లానికి కూడా స్పందిస్తుందని 1997 తరువాతి పరిశోధనలు తేల్చాయి. దానిని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. వేర్వేరు పదార్థాల బాధను నాడులు ఒకే దారిన మోస్తున్నప్పుడు భాష వాటిని ఒకే పేరుతో పిలవడం అమాయకత్వం కాదు.

సున్నం తాంబూలంలో ఉత్త రుచి కోసం చేరేది కాదు. వక్కలోని ఆల్కలాయిడ్లు సున్నపు క్షారగుణం వల్ల విడివడి నోటి పొరల్లోకి తొందరగా చేరతాయి. ఆ మత్తుకు మూలమదే. నోటి పుండ్లకూ కేన్సరుకూ దారితీసే చర్యలోనూ దానికి పాలుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం వక్కను మానవులకు కేన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలోనే చేర్చింది. మర్యాదగా అందించే తాంబూలాన్ని సాహిత్యంలో శృంగారంగానే చదివి సరిపెట్టుకోవడం పరిశోధకులకు తగదు.

పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడతాయి. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవే. పెళ్లిలో పాదాలకు రాసే పారాణి, పసుపుకొమ్ముల నుంచి చేసే కుంకుమ, ఈ మార్పు మీదనే ఆధారపడ్డాయి. ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండితే తిరిగి పచ్చబడతాయి. పసుపు ఆమ్లక్షారాల సూచిక అని పదో తరగతి పుస్తకం చెప్పే పాఠానికి ఇంతకన్నా ప్రాచీనమైన ప్రదర్శన లేదు. యూరపులో రాబర్ట్ బాయిల్ పువ్వుల రసంతో ఇటువంటి పరీక్షలను వివరించి పుస్తకం రాసింది 1664లో. తెలుగు ఇళ్లలో ఆ మార్పు శుభాశుభాల భాషలో నిలిచింది. ‘ఎరుపు’ అన్న ఫలితానికి అర్థం చెప్పారు గాని, కారణం అడగలేదు.

కారణం అడిగినవాడు సుశ్రుతుడు. సూత్రస్థానం 11వ అధ్యాయంలో క్షారపాకవిధి ఉంది. చెట్ల బూడిదను నీట కలిపి వడగట్టి కాచి, అందులో కాల్చిన శంఖం, గుల్లలు కలిపితే తీవ్రత పెరుగుతుందంటాడు. కలపకపోతే అది మృదుక్షారం. సున్నం బూడిదక్షారాన్ని మరింత దాహకం చేస్తుందన్న నేటి రసాయన సత్యం ఇదే. దానిని ఇనుపకుండలో దాచమంటాడు. క్షారం పూసిన చోట పుల్లని కాంజికం వంటి ఆమ్లంతో కడగమంటాడు. ఆపైన తానే ప్రశ్న వేసుకుంటాడు: ఆమ్లం కూడా నిప్పువంటిదే కదా, నిప్పు నిప్పును ఎలా చల్లార్చుతుంది? క్షారంలో ఆమ్లం తప్ప అన్ని రసాలూ ఉన్నాయి. లేని ఆ ఒక్క రసం చేరగానే దాని తీక్ష్ణత విడిపోయి మాధుర్యం వస్తుంది, అని సమాధానం. తటస్థీకరణం అన్న మాట ఇంకా పుట్టకముందు, రసాల భాషలోనే చేసిన తటస్థీకరణ వివరణ ఇది. ప్రఫుల్లచంద్ర రాయ్ తన హిందూ రసాయనశాస్త్ర చరిత్రలో ఈ భాగాన్ని ప్రత్యేకంగా ఎత్తిచూపాడు.

పీహెచ్

ఆమ్లక్షారాల బలాన్ని ఒకే కొలబద్ద మీద చూపే పీహెచ్ పద్ధతిని కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ 1909లో ప్రతిపాదించాడు. సుమారుగా అదే కాలంలో విజ్ఞాన చంద్రికా మండలి తెలుగులో శాస్త్రగ్రంథాలు ప్రకటిస్తున్నది. వేమూరి విశ్వనాథశర్మ రసాయనశాస్త్రం ఆ మాలలోనిది. శాస్త్రపరిభాష సంస్కృతం వైపు మొగ్గిన దశ అది. పీహెచ్‌కు మాత్రం ఎవరూ సంస్కృతపేరు అతికించి నిలపలేకపోయారు.

ఆ మాట కోవూరు సీమకు పుస్తకాల ద్వారా కాక పని ద్వారా వచ్చింది. చక్కెర కర్మాగారంలో చెరకురసం సహజంగా పుల్లనిది. దానికి సున్నపుతేట కలిపి తటస్థస్థితికి తేవాలి. తక్కువైతే చక్కెర విరిగిపోతుంది, ఎక్కువైతే రంగు చెడుతుంది. బెల్లం వండేవారు చిటికెడు సున్నంతో కంటిచూపు మీద చేసే పనిని కర్మాగారం కొలతతో చేస్తుంది. కోవూరు సహకార చక్కెర కర్మాగారం మూతపడిన తరువాత ఆ కొలతలు తెలిసిన పనివారు కూడా చెల్లాచెదరయ్యారు.

1990ల తొలి సంవత్సరాల్లో విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు విస్తరించాయి. 1994, 1995 ప్రాంతంలో తెల్లమచ్చల తెగులు వచ్చి పడింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యలసాగుపై తీర్పు ఇచ్చింది. చవుడు చేరిన మాగాణి, తాగునీటి బావుల్లో ఉప్పు అప్పటి ఫిర్యాదుల్లో ముఖ్యమైనవి. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార చట్టం, 2009 నుంచి వెనామీ రొయ్య వచ్చిన తరువాత సాగు మళ్లీ పుంజుకుంది. చెరువులో పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. తెల్లవారుజామున తగ్గుతుంది, ఎందుకంటే రాత్రంతా నీటిలోని జీవులు వదిలిన బొగ్గుపులుసు వాయువు నీటిని ఆమ్లం వైపు తిప్పుతుంది. మధ్యాహ్నానికి పాచి ఆ వాయువును తినేయడంతో పెరుగుతుంది. పీహెచ్ పెరిగినకొద్దీ అమ్మోనియా విషమవుతుంది. అందుకే రైతు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీరు చూస్తాడు. సున్నం వేయాలా, బెల్లపుమడ్డి వేయాలా, నీరు మార్చాలా అన్న నిర్ణయం లక్షల అప్పుకు సంబంధించినది.

ఈ చెరువుగట్టు మాటల్లో క్షారం లేదు, ఆమ్లం లేదు. ‘పీహెచ్ ఎక్కింది’, ‘పీహెచ్ దిగింది’ అంటారు. జ్వరానికి వాడే క్రియలే దీనికీ. ‘నీరు విరిగింది’, ‘సున్నం కొట్టారు’ అన్నవి పాత మాటలు కొత్త పనిలో. చెరువు తవ్విన నేలను అడిగితే, ‘అది చౌడే, పండదు’ అన్న జవాబు ఇంకా వినిపిస్తుంది. పాలచౌడా కారుచౌడా అన్న రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగేవారు, ఆ నేలను వరికోసం దున్నిన తరంలోనే ఎక్కువ.